మూసిన తూము దగ్గర

మా నాన్నకు అన్న, మా పెద్దబాపు మొన్న మంగళవారం పోయాడు. బాన్సువాడ దవాఖాన నుంచి కబురొచ్చేసరికి నేను బడిలో పాఠం చెబుతున్నాను. ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. ఇంకా ఆ కోపంలోనే రాస్తున్నాను, మన్నించండి.

ఆయన మూడెకరాలకు నిజాంసాగర్ కాలువ నీళ్లిచ్చే తూమును ఒక అధికారి ఒక్క సంతకంతో మూయించాడు. నోటీసు లేదు, పిలుపు లేదు. "నీళ్ల సంగతి తర్వాత. నన్నొక్క మాట అడగొద్దా?" అనేవాడు పెద్దబాపు. ఆ ఒక్క మాట కోసమే హైదరాబాదు హైకోర్టు దాకా పోయాడు. ఆఫీసుకు పోయినా, కోర్టుకు పోయినా చెప్పులు బయటే విడిచేవాడు. "నాయం జెప్పే జాగ గదరా" అనేవాడు.

రెండేళ్లకు తీర్పొచ్చింది. ఇంగ్లీషు వచ్చినవాణ్ణని కాగితం నా చేతిలో పెట్టాడు. "తూము మూసిన ఆర్డరు కొట్టేసిండ్రు పెద్దబాపూ!" అని మొదటి ముక్క చదివి గంతేశాను. తర్వాతి ముక్క చదవనే లేదు. తెల్లారే ఆయన నారు పోశాడు. మొలకలు లేచాక వకీలు విడమరచి చెప్పాడు. రైతు మాట వినకుండా మూయడం తప్పని మాత్రమే కోర్టు అన్నదట. విని మళ్లీ నిర్ణయించమని అదే అధికారికి పంపిందట. నా తొందరకు పెద్దబాపు నన్ను పల్లెత్తు మాట అనలేదు. బిందెలతో నీళ్లు మోసి నారు బతికించుకున్నాడు.

విచారణ నాడు ఉతికిన ధోతి కట్టి, గుప్పెడు నారు పీక్కొని వెళ్లాడు. అధికారి కుర్చీ వేయించాడు, చాయ్ తాగించాడు, గంటసేపు విన్నాడు. "మంచిగ విన్నడురా, మనసున్నోడు" అంటూ పెద్దబాపు నవ్వుతూ బయటికొచ్చాడు. నెలకు ఉత్తర్వు అందింది. విన్నారట, పరిశీలించారట, తూము మూసే ఉండాలట! ఈసారి రెండు పేజీల కారణాలు కూడా.

"విన్నంక గూడ గట్లెట్ల రాస్తడు సారూ?" అని వకీలును అడిగాడు.

"విన్నడా లేదా, పద్ధతి ప్రకారం చేసిండా అన్నదే కోర్టు చూస్తది పెద్దాయనా. నీళ్లు ఎవరికియ్యాల్నో కోర్టు చెప్పదు."

నారు ఎండిపోయింది. ఆయన మళ్లీ ఏ ఆఫీసు మెట్లూ ఎక్కలేదు. ఎవరైనా ఏదైనా చెప్పబోతే, "చెప్పు, వింట. వింటే ఏమైతది?" అనేవాడు.

కాలువ గట్టు మీదుగానే ఆయన్ను తీసుకెళ్లాం. దింపుడు కళ్ళమని పాడెను ఆ తూము దగ్గరే దించారు. ప్రాణం ఏ మూలనైనా ఉంటే వింటాడని చెవిలో మూడుసార్లు పిలుస్తారు కదా. ఆయనకు కొడుకుల్లేరు, నన్ను వంగమన్నారు. "పెద్దబాపూ" అని మూడుసార్లు పిలిచి, జవాబు కోసం ఆయన నోటి దగ్గర చెవి పెట్టాను. పక్కన కాలువ నిండుగా పారుతూ ఆయన పొలం దాటి పోతోంది.