పరమేశ్వర్ డ్రోన్ తరిమిన మనిషి

బోధన్‌లో నాకు ఇరవై రెండేళ్లుగా ఫొటో స్టూడియో ఉంది. మనిషి మొహం మీద వెలుగు ఎటునుంచి పడాలో తెలుసుకోవడానికే నాకు పదేళ్లు పట్టింది. ఇప్పుడు పెళ్లివాళ్లు వచ్చి అడిగే మొదటి మాట, "అన్నా, డ్రోన్ ఉన్నదా?" ఉందంటేనే కూర్చుంటారు. లేదంటే చెప్పులు కూడా విప్పరు. పెళ్లికూతురి కళ్లు ఎవరికీ అక్కర్లేదు, టెంటు గుడ్డ పైనుంచి ఎలా కనిపిస్తుందో కావాలి. ఇలాంటి జనం వల్లే పరమేశ్వర్‌ను పనికి పిలవాల్సి వచ్చింది. మొదట్లో అతనంటే నాకు ఒళ్లుమంట. అతను పనిచేసే తీరు చూశాక ఆ మంట చల్లారింది. గాలి సరిగ్గా లేకపోతే ఎవరెంత అరిచినా ఎగరేయడు. చిన్న పిల్లల నెత్తి మీదుగా అసలే పోనివ్వడు.

అతనిది బోధన్‌కు ఎనిమిది కిలోమీటర్ల దూరంలో, కాలువ కింద ఊరు. మస్కట్‌లో ఆరేళ్లు మేడల మీద డిష్‌లు బిగించాడు. అక్కడ ఒక శుక్రవారం సముద్రం ఒడ్డున ఎవరో డ్రోన్ ఎగరేస్తుంటే చూసి మనసు పారేసుకున్నాడు. తిరిగొచ్చాక హైదరాబాద్ వెళ్లి ఒకటి కొనుక్కొచ్చాడు. భార్య లత పదిహేను రోజులు అతనితో మాట్లాడలేదట. న్యాయమే మరి.

మొదటి ఏడాది అది పని కాదు, ఉత్త సరదా. సాయంత్రం పూట ఇంటి ముందు నుంచి లేపేవాడు. వాడకట్టంతా అతని చేతిలోని తెర చుట్టూ మూగేది. అందరికంటే ముందుండేది లింబయ్య. పరమేశ్వర్ ఇంటికి, లింబయ్య ఇంటికి మధ్య ఒకటే గోడ. అరవై దాటిన ఆ మనిషి చిన్నపిల్లాడిలా తెర మీద వేలు పెట్టి, "గిది మన మడి, గిది బాలన్న బోరు, గది మా రేకుల షెడ్డు" అని లెక్కచెప్పేవాడు. ఆయన భార్య ఈరవ్వ ఒకసారి తమ ఇంటి కప్పు చూపించమని అడిగింది. పెంకు ఎక్కడ పగిలిందో తెర మీద చూసి, ఆ వానాకాలం ముందే మార్పించుకుంది.

తర్వాత పనులు దొరికాయి. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, కమ్మర్‌పల్లి వైపు దుబాయ్ సొమ్ముతో లేచిన మేడలు, నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు కుప్పలు. అన్నీ బాగానే ఉన్నాయి. కిందటి దీపావళి ముందు పోలీస్ స్టేషన్ నుంచి పిలుపొచ్చింది.

చెరుకు తోటల్లో పేకాట ఆడుతున్నారని ఫిర్యాదులు వచ్చాయట. మా వైపు చెరుకు నిలబడితే ఏనుగు దూరినా కనబడదు. లోపల నాలుగు గజాల జాగా చదును చేసి, టార్పాలిన్ పట్టా పరిచి కూర్చుంటే అడిగేవాడు లేడు. "ఒక్కసారి ఎగరేసి చూపియ్యి" అని వాళ్లు అడిగారు. పరమేశ్వర్‌కు కాదనే ధైర్యం లేదు. నిజం చెప్పాలంటే కాదనే కోరికా లేదు. పోలీసులు జీపు పంపి తీసుకెళ్తే ఎవరికి గొప్పగా ఉండదు?

ఆ రోజు ఆరుగురు దొరికారు. అందులో లింబయ్య ఒకడు. రాత్రంతా స్టేషన్‌లోనే కూర్చోబెట్టారు. పేకముక్కలూ నోట్లూ ముందు పెట్టి, ఆరుగురినీ వరుసగా నిలబెట్టి తీసిన ఫొటో తెల్లారేసరికి అన్ని వాట్సాప్ గ్రూపుల్లోకి ఎక్కింది. లింబయ్యకు ముక్కలు పట్టుకోవడమే రాదని ఊళ్లో సగం మందికి తెలుసు. దారిన పోతూ కాసేపు చూద్దామని కూర్చున్నాడట. ఆ మాట ఎవరు వింటారు? ఫొటో కూతురి అత్తగారింటికీ చేరింది. ఆ తర్వాత లింబయ్య కూతురి ఊరికి పోవడం మానేశాడు, ఫోన్ ముట్టుకోవడం మానేశాడు. గోడ అవతలి మనిషితో మాట్లాడటం మొదటే మానేశాడు.

అప్పటినుంచి ఆ చుట్టుపక్కల డ్రోన్ చప్పుడు వినపడితే చాలు, కల్లు తాగుతున్నవాళ్లు, తాగనివాళ్లు, ఉత్తగా బీడీ కాల్చుకుంటున్నవాళ్లు కూడా పక్కనున్న చెరుకులోకి దూకడం మొదలుపెట్టారు. నాకైతే నవ్వొచ్చింది. పరమేశ్వర్‌కు రాలేదు.

"ఎన్నిసార్లు పెద్దబాపు గుమ్మం దాక పోయిన్నో అన్నా. నోరు లేస్తలేదు, మల్లొస్తున్న" అనేవాడు. లింబయ్యను అతను పెద్దబాపు అనే పిలుస్తాడు.

"నువ్వు చూపించినవ్, పట్టుకున్నది వాళ్లు. నీ తప్పేమున్నది?" అని నేను కసిరేవాడిని. అతను లేచి డ్రోన్ సంచి సర్దుకునేవాడు.

మార్చి మొదటి వారం. నిజామాబాద్ జంట ఒకటి పెళ్లికి ముందు ఫొటోలు తీయించుకుంటామంటే, చోటు చూడటానికి ఇద్దరం పొద్దున పదకొండింటికి పరమేశ్వర్ వాళ్ల ఊరి కాలువ కట్ట మీదికి వెళ్లాం. పరమేశ్వర్ పావుగంట ఎగరేసి, నీళ్ల మీద వెలుగు చూసుకుని, దింపేశాడు. బ్యాటరీ నలభై శాతం మిగిలింది. రెండో బ్యాటరీ నా స్టూడియోలో చార్జింగ్‌కు పెట్టి ఉంది. దాన్ని సంచిలో వేసుకురమ్మని అతను రెండుసార్లు చెప్పాడు. మరిచిపోయింది నేనే.

కట్టకు ఆనుకుని నాలుగెకరాల చెరుకు నిలబడి ఉంది. దానికి పడమరన రంజిత్ అనే రైతు తన చెరుకు కొట్టించి, మిగిలిన ఎండాకుకు నిప్పు పెట్టాడు. కోతల రోజుల్లో అది అందరూ చేసే పనే, పొగ చూసి ఎవరూ తల కూడా తిప్పరు. మేం సంచి సర్దుకుంటుండగా గాలి పడమటి నుంచి ఒక్క విసురు విసిరింది. మంట గట్టు దాటి నిలబడ్డ చెరుకును పట్టుకుంది. చిటపటలు కాదు, టపాకాయల బండికి నిప్పంటుకున్నట్టు మోత.

రంజిత్ ట్రాక్టర్ కోసం పరుగెత్తాడు. నేను ఫైరింజన్‌కు ఫోన్ చేశాను. అరగంట పడుతుందన్నారు. అంతలో కట్ట మీద ఈరవ్వ కనిపించింది. చెప్పుల్లేవు, కొంగు నేల మీద ఈడుస్తోంది.

"లోపలున్నడు! మా ముసలాయన బర్రెకు ఆకు కోసుకొస్తనని పోయిండు! ఓ పరమేశా, మా ఆయన గా చెరుకులనే ఉన్నడు!"

పరమేశ్వర్ అప్పటికే డ్రోన్‌ను నేల మీద పెట్టేశాడు. మరుక్షణం అది గాల్లో ఉంది.

నేను భుజం మీదుగా తెర చూస్తున్నాను. పచ్చటి చెరుకు, దాని పడమటి అంచున ఎర్రటి గీత, మీద నల్లటి పొగ. చెరుకు నడుమ ఒకచోట తెల్లటి తలగుడ్డ. బతికే ఉన్నాడు. కట్టకు నూట యాభై గజాల లోపల. తిన్నగా మా వైపు నడిచొస్తే రెండు నిమిషాల పని. మేమంతా గొంతులు చించుకుని పిలిచాం. మంట మోతలో మా మాటలు ఆయనకు తెలిసేలా లేవు, ఉత్త కేకలే.

పరమేశ్వర్ డ్రోన్‌ను కిందికి దించాడు, దాన్ని చూసైనా ఆయన మా వైపు వస్తాడని. తలగుడ్డ ఒక్కసారి పైకి చూసింది. తర్వాత మాయమైంది. చెరుకు కొసలు ఊగడం మొదలైంది. ఆ ఊపు మా వైపు రాలేదు. పడమటికి, మంట వైపు పోతోంది.

"అటెందుకు పోతుండు? అటు మంట ఉన్నది గదా!" అని అరిచాను.

పరమేశ్వర్ తెరకు తల దగ్గరగా వంచాడు. "నన్ను సూసి అన్నా. నా సప్పుడు ఇని ఉరుకుతుండు" అన్నాడు.

డ్రోన్‌ను పైకి లేపాడు. ఊపు ఆగింది. మళ్లీ కాస్త దించాడు. ఊపు మళ్లీ మంట వైపే కదిలింది. సందేహం లేదు. చెరుకు లోపలున్న మనిషికి మంట కనపడదు, పొగ వాసన, మంట మోత ఆ నెలలో రోజూ ఉండేవే. ఆయనకు తెలిసిందల్లా నెత్తిమీద ఆ చప్పుడు, కట్ట మీద మనుషుల కేకలు. మళ్లీ పట్టుకుపోవడానికి వచ్చారనుకున్నాడు. తప్పు చేయని మనిషి ఎందుకు దాక్కోవాలని అడిగేవాళ్లు ఉంటారు. కిందటిసారీ ఆయన ఏ తప్పూ చేయలేదు.

"దింపెయ్ పరమేశ్, తీసెయ్ దాన్ని!" అన్నాను.

"తీసేస్తె ఆన్నే కూసుంటడు. కాలిపోతడు" అన్నాడు. ఒక్క క్షణం కళ్లు మూసుకుని తెరిచాడు. "భయపడుతుండు గదా. గట్లనే భయపెడత."

డ్రోన్‌ను ఎత్తుకు లేపి, లింబయ్య మీదుగా దాటించి, పొగలోకి తోశాడు. తెరంతా నల్లబడింది. బ్యాటరీ ఇరవై శాతం అయింది. చార్జింగ్ అయిపోతోందని డ్రోన్ తనంతట తాను వెనక్కి బయల్దేరబోయింది. అతను బొటనవేలితో ఆపేశాడు. పొగ చిరిగి పచ్చదనం కనిపించగానే, చెరుకు కొసలకు చేతి ఎత్తులోకి దించాడు. రెక్కల గాలికి ఆకులు చెదిరాయి. ఇప్పుడు చప్పుడు మంట వైపు నుంచి వస్తోంది.

ఊపు ఆగింది. తర్వాత ఆ కొసలు ఇటు వంగాయి. మా వైపు.

"ఉరుకు పెద్దబాపూ, ఉరుకు" అని పరమేశ్వర్ గొణుగుతున్నాడు. లింబయ్య ఉత్తరానికి మళ్లబోతే అక్కడ అడ్డం పెట్టాడు. అటు మూలకు మంట ఒంపు తిరిగి ఉంది. దక్షిణానికి మళ్లితే మళ్లీ అటు. పొలంలో పడ్డ బర్రెను మళ్లేసినట్టు అటూ ఇటూ కొట్టి, ఆ ముసలి మనిషిని ముళ్లాకుల్లోంచి తరుముతున్నాడు. తరుముతూ ఏడుస్తున్నాడు. పదకొండు శాతం. ఎనిమిది. వెనకాల మంట అంతకంటే గట్టిగా తరుముతోంది.

కట్టకు యాభై గజాలుండగా తెర మీద నిప్పురవ్వలు లేచాయి, బొమ్మ పక్కకు ఒరిగింది, ఆగిపోయింది. డ్రోన్ మంటలో పడింది. పోతే పోనీ, కానీ మా కళ్లు పోయాయి. లింబయ్య ఎటు తిరిగాడో, పడిపోయాడో, చప్పుడు ఆగిందని కూర్చుండిపోయాడో తెలియదు. ఈరవ్వ చెరుకులోకి దూకబోతే నేను రెండు చేతులా పట్టుకున్నాను. ఆమె నా మణికట్టు కొరికింది. అయినా వదల్లేదు.

ఎంతసేపో చెప్పలేను. మాకు ఇరవై గజాల దూరంలో చెరుకు పగిలినట్టు విడిపోయి, లింబయ్య బయటపడ్డాడు.

మొహం నిండా ఆకు కోతలు, చొక్కా పీలికలు. పొగకు కళ్లు వాచి తెరుచుకోవడం లేదు. రెండు చేతులూ పైకెత్తి ఉన్నాడు.

"నేను ఆడలే సారూ! ఆకు కోస్తున్న సారూ! మీ కాళ్లు మొక్కుత, ఎవ్వలు లేరు లోపట, నేనొక్కన్నే ఉన్న సారూ!"

పరమేశ్వర్ రిమోట్ వదిలేసి పరుగెత్తి, కట్ట దిగి ఆయన ముందు నిలబడ్డాడు.

"పెద్దబాపూ, పోలీసులు లేరు. నేను పరమేశ్‌ను. మంటలంటుకున్నయి, ఎనుకకు సూడు."

లింబయ్య వెనక్కి తిరిగి చూశాడు. తాను దాక్కోబోయిన చోటంతా ఎర్రగా ఉంది. చేతులు మాత్రం దించలేదు.

"మరి గా మిషను నన్ను ఎందుకు తరిమింది?"

"నేనే తరిమిన. నువ్వు మంటలకు పోతుంటివి." పరమేశ్వర్ తర్వాత అన్న మాట నాతో కూడా ఎన్నడూ అనలేదు. "నువ్వు ఆడలేదు పెద్దబాపూ. నాకెరుకే. గా దినం నేను స్క్రీన్ల సూసిన. నువ్వు పట్టా మీద లేవు, ఆవలికి గట్టు మీద కూసున్నవ్. సార్ల ముంగట నోరు రాలే. సూసి గూడ ఊకున్న."

ఐదు నెలలుగా అతను ఎందుకు కుమిలిపోతున్నాడో నాకప్పుడు తెలిసింది. నీ తప్పేమున్నదని నేను ఎన్నిసార్లు అన్నానో గుర్తొచ్చి సిగ్గేసింది.

లింబయ్య నెమ్మదిగా చేతులు దించాడు. ఈరవ్వ వచ్చి ఆయన నడుం చుట్టూ చెయ్యి వేసింది. ఆయన పరమేశ్వర్ తల మీద చెయ్యి పెట్టాడు.

"పానం కాపాడినవ్ బిడ్డా, సల్లగుండు" అన్నాడు. "గని గీ మాట గా దినమే గాడ అనాల్సుండె. నేను గా రాత్రంత స్టేషన్ల నువ్వొచ్చి సెప్తవని సూసిన."