వెనక పేజీ అక్షరాలు

ఫొటో ఇవ్వనని ఆమె నాకు మూడుసార్లు చెప్పింది.

శామీర్‌పేటలో, కరీంనగర్ రోడ్డు నుంచి కొంచెం లోపలికి, మామిడి తోటలు గుత్తకు పట్టే ఒక వ్యాపారి ఇల్లు. ఆయన కూతురు డిగ్రీలో కాలేజీ ఫస్ట్ వచ్చింది. ఆ గల్లీలో అంతదాకా చదివిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. మా పత్రిక జిల్లా అనుబంధంలో మేడ్చల్, శామీర్‌పేట మండలాలకు కలిపి ఒక పేజీ ఉండేది. దానికి వార్తలు పంపేది నేను. ఫొటో లేకపోతే ఎంత మంచి వార్తనైనా డెస్కులో నాలుగు లైన్లకు కోసి ఏ మూలో వేసేవాళ్లు. అందుకని వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని, ఆ అమ్మాయి తల్లిని ఒప్పిస్తున్నాను.

"పేరు రాస్కోండి అన్నా, మార్కులు రాస్కోండి. ఫొటో నక్కో," అందామె గడప లోపల నిలబడి. "మా ఇంట్ల ఆడోళ్ల ఫొటో గోడకే పెట్టం. పేపర్ల ఎట్ల ఇస్తం?"

"పేపర్లో చూసి ఇంకో పదిమంది ఆడపిల్లలు చదువుకుంటరమ్మా," అన్నాను. అదే మాట అంతకుముందు చాలా గుమ్మాల ముందు అన్నాను. చాలాసార్లు పని చేసింది.

"ఆడపిల్లలు చూస్తరు, సరే. మొగపిల్లలు కండ్లు మూసుకుంటరా?"

వ్యాపారి నవ్వేశాడు. "ఇయ్యరాదు, రిపోర్టర్ సాబ్ ఎండల వడి వచ్చిండు," అన్నాడు భార్యతో. కూతురే లోపలికి వెళ్లి ఒక పాస్‌పోర్ట్ సైజు ఫొటో తెచ్చి ఇచ్చింది. హాల్ టికెట్ కోసం ఎనిమిది తీయించుకుంటే ఏడు దరఖాస్తులకు పోయాయట. ఎనిమిదోది నా జేబులోకి వచ్చింది.

వార్త బాగానే వచ్చింది. రెండు కాలమ్‌ల వెడల్పున, నలుపు తెలుపుల్లో ఫొటో వేశారు. తండ్రి ఆ పేజీకి లామినేషన్ చేయించి, తోట బేరాలకు వెళ్లేటప్పుడు సంచిలో పెట్టుకొని తిరిగేవాడు. ఆ వార్త చూపించే అమ్మాయికి తూంకుంటలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ ఉద్యోగం వచ్చిందని కూడా చెప్పేవాడు. అందులో నిజం ఎంతో నాకు తెలియదు కానీ వినడానికి నాకూ బాగుండేది.

ఇది 2011 నాటి మాట. తర్వాతి ఏడాదికి మా మండలాల్లో ఫోన్‌లో నెట్ లేని కుర్రకారు కనిపించడం తగ్గింది. సోషల్ మీడియా అన్న మాట మా పేజీలోకి ఇంకా రాలేదు. 'నెట్‌లో' అని రాసేవాళ్లం, చదివేవాళ్లకు అర్థమయ్యేది.

నేను వార్తలూ ఫొటోలూ పంపడానికి రోజూ మేడ్చల్ బస్టాండ్ దగ్గర ఒక ఫొటో స్టూడియోకి వెళ్లేవాణ్ని. ఆ స్టూడియో యజమాని ముప్పై ఏళ్లుగా ఆ చుట్టుపక్కల ఊళ్ల పెళ్లిళ్లు తీస్తున్నాడు. ఒకసారి చూసిన ముఖాన్ని మరిచిపోయేవాడు కాదు. ఒకరోజు భూములు అమ్మి ప్లాట్ల వ్యాపారంలోకి దిగిన ఒక పెద్దమనిషి ఫ్లెక్సీ కోసం ఫొటో దిగడానికి వచ్చి, ఫోన్ తీసి మా ఇద్దరికీ చూపించాడు. పుణెలో ఉండే ఒక పిల్ల తనతో నెట్‌లో రోజూ మాట్లాడుతుందట, 'తిన్నారా' అని అడుగుతుందట.

స్టూడియో ఆయన కళ్లద్దాలు పైకి జరిపి చూశాడు. "పటేలా, గీ పిల్ల మా ఇంట్ల తలనూనె సీసా మీద ఉంది."

"అయితే ఏంది? నూనె సీసా మీద ఉన్నోళ్లకు ఫోన్ ఉండదా?"

"ఉంటది. గాని నీతోని తెలుగుల మాట్లాడదు."

ఆ పెద్దమనిషి లేచి వెళ్లిపోయాక కూడా మేం చాలాసేపు నవ్వుకున్నాం. అలాంటి దొంగ ఖాతాలు గుర్తుపట్టడం కష్టం కాదని అప్పట్లో నా నమ్మకం. ఒకటే ఫొటో ఉంటుంది. స్నేహితులందరూ మగవాళ్లే, అందరూ ఒకే చుట్టుపక్కలవాళ్లు. ఖాతా తెరిచి నెల కూడా అయి ఉండదు. ఇవి చూసుకుంటే చాలనుకునేవాణ్ని.

జూన్‌లో బడులు తెరిచిన రెండో వారం. పొద్దున పదకొండు గంటలకు నేను స్టూడియోలో వార్త పంపుతున్నాను. తోటల వ్యాపారి లోపలికి వచ్చాడు. నన్ను చూసి సలాం కూడా చేయలేదు. చేతిలో ఎవరిదో ఫోన్ ఉంది. దాన్ని స్టూడియో ఆయన ముందు బల్ల మీద పెట్టాడు.

"గిది మా బిడ్డె. ఫొటో తీసింది నువ్వు. నెట్ల ఎట్ల వడ్డది?"

చూశాం. ముఖం ఆ అమ్మాయిదే. ఖాతాలో పేరు మాత్రం వేరే, ఊరు విశాఖపట్నం అని ఉంది. స్నేహితుల జాబితాలో మేడ్చల్, సూరారం, కీసర మగవాళ్లే. ఒకడికి పంపిన సందేశాలను వాడే నలుగురికి చూపించాడట, అలా తిరిగి తిరిగి స్కూలు దాకా పోయింది. స్కూలు నడిపే ఆయనను అక్కడ కరస్పాండెంట్ సార్ అంటారు. ఆయన ఆమెను స్టాఫ్ రూంలో అందరి ముందూ నిలబెట్టి, సంగతి తేలేదాకా ఇంట్లో ఉండమన్నాడు. సోమవారం కల్లా తేలకపోతే వేరే టీచర్‌ను చూసుకుంటానన్నాడు. ఆ రోజు శుక్రవారం.

స్టూడియో ఆయన ముఖం ఎర్రబడింది. కంప్యూటర్లో పాత ఫైలు తెరిచాడు. "గిది నేను తీసింది. నా తెర నీలం, సాదా. నీ ఫోన్ల దాంట్ల వెనక ఏందో డిజైన్ ఉంది, చూడు భాయ్. గిది నా ఫొటో కాదు."

నిజమే. ఫోన్‌లో ఉన్నది నలుపు తెలుపు ఫొటో. ఆమె భుజం పక్కన, తల వెనక ఏదో లత అల్లినట్టు మసక మసకగా డిజైన్ ఉంది. రంగు ఫొటోను నలుపు తెలుపుల్లోకి మార్చుకోవడం ఆ రోజుల్లో ఫోన్‌లలో ఒక సరదా. అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

తనను తాను కాపాడుకోవడానికి ఆయన అన్న ఆ మాట తండ్రికి ఇంకోలా తగిలింది. ఆయన మెల్లగా స్టూల్ మీద కూర్చున్నాడు. "గా కరస్పాండెంట్ గూడ గదే అన్నడు," అన్నాడు. "మాకిచ్చిన ఫొటోల వెనక సాదాగ ఉంది, గిండ్ల డిజైన్ ఉంది, అంటే మీ పిల్లనే వేరే కాడ దిగింది, పేరు మార్చుకునుడు ఎంతసేపు అన్నడు."



రెండు ఫొటోలనూ పక్కపక్కన పెట్టమన్నాను. ముఖం అదే, చూపు అదే. చున్నీ ఎడమ భుజం మీద మూడు మడతలు పడి, మధ్య మడత కొంచెం పైకి లేచి ఉంది. రెండింటిలోనూ అంతే. ఒక మనిషి రెండు చోట్ల రెండుసార్లు ఫొటో దిగితే చున్నీ అదే మడతల్లో కూర్చోదు. రెండూ ఒకటే ఫొటో అన్నాను. తండ్రి ముఖంలో కొంచెం ప్రాణం వచ్చింది. వెంటనే స్టూడియో ఆయన వైపు తిరిగాడు.

"వెనక తెర మార్చుడు నీ పనే గద? పెండ్లి ఆల్బంల కొండలు పెడ్తవ్, నీళ్లు పెడ్తవ్."

"అరె భాయ్, నీ బిడ్డ ఫొటోకు నేనెందుకు పూలు పెడ్త?" అన్నాడు స్టూడియో ఆయన. బయట ఇద్దరు ముగ్గురు ఆగి చూస్తున్నారు. ఊళ్లో ఆడవాళ్లు ఫొటో దిగడానికి వచ్చే చోటు అది. ఈ మాట ఒకసారి బయటికి పోతే ఆయన తలుపులు మూసుకోవాల్సిందే.

ఫోన్‌లోని ఫొటోను కంప్యూటర్లోకి ఎక్కించి, ఆ డిజైన్‌ను పెద్దది చేయమన్నాను. పెద్దది చేస్తున్నకొద్దీ ముఖం చుక్కలు చుక్కలుగా విడిపోయింది. నేను ఏళ్ల తరబడి చూసిన చుక్కలే అవి. అచ్చులో ఫొటో అంటే చుక్కలే. కెమెరాలో తీసిన ఫొటో అలా విడిపోదు. అప్పుడు డిజైన్ కూడా లతలా కనిపించడం మానేసింది. కుడి నుంచి ఎడమకు తిరగబడ్డ తలకట్లు, కొమ్ములు. పత్రిక కాగితం పలుచన. వెనక పేజీలో పెద్ద అక్షరాలు గాఢంగా పడితే ముందు పేజీలోకి తేలుతాయి.

"దీన్ని అద్దంల చూసినట్టు తిప్పొచ్చా?" అడిగాను.

ఆయన ఏదో నొక్కాడు. బొమ్మ తిరిగింది. మసకగా అయినా చదవడానికి వచ్చింది: 'గుట్టకు పది నిమిషాల'.

కీసరగుట్టకు పది నిమిషాల ప్రయాణం అంటూ ప్లాట్లు అమ్మేవాళ్లు వేయించిన ప్రకటన అది. వార్తలతో పాటు ప్రకటనలు తేవడం కూడా మా పనే. ఆ ప్రకటన తెచ్చింది నేను. కాగితానికి ఇవతలి వైపున్న ఫొటో ఆ తల్లి దగ్గర అడిగి తెచ్చిందీ నేనే.

ఎవరో ఆ వార్త వచ్చిన పేపర్‌ను పెట్టుకొని, ఫోన్‌తో దాన్ని ఫొటో తీశారు. అంతే జరిగింది. స్టూడియో ఆయనతో దీనికి సంబంధం లేదని, అమ్మాయి ఇంకెక్కడా ఫొటో దిగలేదని తండ్రికి రెండుసార్లు చెప్పాను. ఆయన వింటూ తల ఊపాడు. స్టూడియో ఆయన వైపు మాత్రం చూడలేకపోయాడు.

కరస్పాండెంట్‌కు చూపించడానికి ఆ పేజీ కావాలి. నా వార్తలన్నీ కత్తిరించి ఒక లావుపాటి నోట్‌బుక్‌లో గమ్ముతో అతికించుకునే అలవాటు నాకుంది. ఇంటికి వెళ్లి తీశాను. వార్త ఉంది, ఫొటో ఉంది, వెనకవైపు మాత్రం నోట్‌బుక్ కాగితానికి అతుక్కుపోయింది. అప్పుడు తండ్రి సంచిలో తిరిగిన లామినేషన్ పేజీ గుర్తొచ్చింది.

మర్నాడు శామీర్‌పేట వెళ్లాను. ఈసారి కుర్చీ వేసింది కూతురు. తల్లి అదే గడప లోపల నిలబడి ఉంది. జరిగింది చెప్పాను.

"అంటే మీ పేపర్లకెల్లే పోయిందా?"

"అవునమ్మా."

"నేను సెప్పలే?"

"చెప్పిండ్రు."

ఆమె వెనక్కి తిరిగింది. లోపలి నుంచి పేజీ తెచ్చి, నా చేతికి కాకుండా కూతురి చేతికిచ్చింది. "నువ్వే చూపెట్టు. సాబ్ మాట్లాడ్తడు గాని, నువ్వే చూపెట్టు," అంది.

సోమవారం తొమ్మిది గంటలకు స్కూల్లో కూర్చున్నాం. కరస్పాండెంట్ అక్కడి పాత భూస్వాముల ఇంటివాడు, మర్యాదగానే మాట్లాడాడు. అమ్మాయి పేజీని కిటికీకి ఆనించి పట్టుకుంది. ప్రకటన అక్షరాలు ఆమె ఫొటో వెనక నుంచి తేలాయి. పక్కన, ఆ ఖాతా ఫొటో తెరిచి ఉన్న నా ఫోన్ పెట్టింది. ఆయన లేచి వచ్చి, ఒకసారి ఫోన్ వైపు, ఒకసారి పేజీ వైపు చూశాడు.

"డిజైన్ కాదా గది?"

"ప్లాట్ల అడ్వర్టైజ్‌మెంట్ సార్," అంది అమ్మాయి. "నా ఫొటో నా దగ్గర ఉండంగ, నేను పాత పేపర్ తీసి దాన్ని ఫొటో కొట్టుకుంటనా?"

"మరెవడు చేసిండు?"

ఆ ప్రశ్న నన్ను చూసి అడిగాడు. తెలియదన్నాను. ఆ పేపర్ ఆ రోజు రెండు మండలాల్లో ప్రతి చాయ్ హోటల్లో ఉందని, ఈ స్కూలుకు కూడా వస్తుందని అన్నాను. ఆయన తన బల్ల మీదున్న ఆ పొద్దుటి పేపర్‌ను చూసి, మడత పెట్టి పక్కకు జరిపాడు.

"సరే అమ్మా. రేపటి సంది రా."

అమ్మాయి కదల్లేదు. "ఇంటికి పొమ్మన్నది స్టాఫ్ రూంల, అందరి ముంగట అన్నరు సార్. రమ్మన్నది గూడ ఆడనే అనుండ్రి."

ఆయన నా వైపు చూశాడు, నేనేమైనా సర్దిచెబుతానని కాబోలు. నేను ఫోన్ జేబులో పెట్టుకుంటున్నాను. ఇంటర్వెల్ గంట కొట్టినప్పుడు ఆయన లేచి స్టాఫ్ రూం వైపు నడిచాడు. ఆమె వెనకే వెళ్లింది. నేను బయట వేపచెట్టు కింద బండి దగ్గర నిలబడ్డాను. లోపల ఏమన్నాడో వినపడలేదు. పదినిమిషాల తర్వాత ఆమె చాక్‌పీసుల డబ్బాతో తొమ్మిదో తరగతి గదిలోకి వెళ్లడం మాత్రం చూశాను.

ఆ ఖాతా మీద స్టూడియో ఆయన, నేను, తెలిసినవాళ్లందరం కలిసి ఆ సైటుకు ఫిర్యాదులు పెట్టాం. పది రోజులకు అది మాయమైంది. పోలీస్ స్టేషన్‌లో కాగితం తీసుకున్నారు. ఇలాంటివి సిటీలో చూస్తారన్నారు. ఎవరు చేశారన్నది ఇప్పటికీ తెలియదు. ఆ నెల చివర తోటల వ్యాపారి ఆఖరి కాపు మామిడిపండ్లు ఒక బుట్ట స్టూడియోకి తెచ్చాడు. స్టూడియో ఆయన పైనున్న గడ్డి తీసి లోపలికి తొంగిచూశాడు.

"పైన మంచియి పెట్టి కింద మార్చినవేమో సూస్త భాయ్. మార్చుడు నీకు గూడ ఎర్కనే గద."

"సూడు, సూడు. అంటవ్ ఇగ, నీకు హక్కుంది," అన్నాడు వ్యాపారి.

రెండేళ్ల తర్వాత, పదో తరగతి ఫలితాలు వచ్చినప్పుడు, ఆమె దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్లలంతా పాసయ్యారు. వార్త కోసం ఇంటికి వెళ్లాను. పేరు రాసుకున్నాను, స్కూలు రాసుకున్నాను, పిల్లల సంఖ్య రాసుకున్నాను. లేవబోతుంటే తల్లి గడప లోపలి నుంచి అడిగింది:

"ఫొటో అడుగుతలేరేంది అన్నా?"

"అక్కర్లేదమ్మా," అన్నాను.

సాయంత్రం డెస్కు నుంచి ఫోన్ వచ్చింది. టీచర్ ఫొటో ఏదని అడిగారు. లేదన్నాను. పాస్‌పోర్ట్ సైజుదైనా చాలన్నారు. అదీ లేదన్నాను. మర్నాడు వార్త లోపలి పేజీలో, కింద, నాలుగు లైన్లు వచ్చింది.

ఎనిమిది కాకముందే తండ్రి ఫోన్ చేశాడు. "మస్తు చిన్నగ వచ్చింది గద సాబ్," అన్నాడు.

వెనక నుంచి ఆయన భార్య గొంతు వినపడింది. "మంచిగ వచ్చిందని జెప్పు."