విస్తీర్ణం రాయని దరఖాస్తు

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది ఎండాకాలంలో నన్ను వరంగల్‌లో రెవెన్యూ రికార్డు గదికి డెప్యుటేషన్ మీద వేశారు. నా హోదా నాయబ్ తహసీల్దారు. తహసీల్దారుకు కింద, ఊళ్ళ భూముల లెక్కలు చూసే గిర్దావరుకు పైన. సంతకం పెట్టే అధికారం కొంత, తిట్లు తినే అవకాశం మొత్తం. ఒక్క జిల్లా అయిదు ముక్కలు కావడంతో పాత కాగితాలను ఊళ్ళవారీగా విడదీసి, ఏ జిల్లా బస్తా ఆ జిల్లాకు పంపాలి. బస్తా అంటే మా భాషలో గుడ్డలో కట్టిన కాగితాల మూట. దుమ్ముకు ముక్కుకు రుమాలు కట్టుకుని పనిచేసేవాళ్ళం. బయటివాళ్ళు చూస్తే దొంగలు పడ్డారనుకునేవాళ్ళు.

రికార్డు గదికి వచ్చేవాళ్ళలో చాలామంది ఒకే మాటతో మొదలుపెడతారు. "మా తాత ముత్తాతల ముచ్చట జర తెల్సుకుందామని వచ్చినం సార్" అంటారు. చాయ్ చల్లారే లోపు సర్వే నంబరు అడుగుతారు. ఇంకాసేపటికి, పక్కవాడి పట్టా ఎట్లా వచ్చిందో చూపమంటారు. వంశచరిత్ర మీద నిజంగా ఆసక్తి ఉన్న మనిషిని నా సర్వీసులో నేను చూడలేదనే అనుకునేవాణ్ణి. మా నాన్న వరంగల్‌లో ధాన్యం కొట్టు నడిపాడు. మూటలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు గింజ తీసి చూడందే ఎవరి మాటా నమ్మేవాడు కాదు. ఆయన కొట్టు నాకు రాలేదు గానీ ఆ అలవాటు మాత్రం వచ్చింది.

జరీనా అనే ఆమె దరఖాస్తు ఆ రోజుల్లోనే నా టేబుల్ మీదికి వచ్చింది. నడివయసు మనిషి, డోర్నకల్‌లో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. దరఖాస్తు విరాసత్ కోసం. పట్టాదారు చనిపోయాక భూమిని వారసుల పేరుకు మార్చడాన్ని విరాసత్ అంటారు. ఆమె రాసిన సంగతి ఇది: తన తల్లి ఖాసింబీ అసలు నెక్కొండ దగ్గర ఒక ఊరికి చెందిన కొమురయ్య అనే రైతు కూతురు. చిన్నతనంలో తల్లిదండ్రులకు దూరమైంది. డోర్నకల్‌లో ఒక రైల్వే గ్యాంగ్‌మన్ ఆమెను చేరదీసి, ఖాసింబీ అని పేరు పెట్టి పెంచాడు. కొమురయ్య భూమి ఇప్పుడు ఆయన కొడుకు సాంబయ్య పేరు మీద ఉంది. అందులో తన తల్లికి వారసత్వం ఉంది.

అప్పుడు ఆ ఊరి పక్కగా కొత్త రోడ్డుకు సర్వే జరుగుతోంది. రేట్లు పెరిగాయి. రేట్లు పెరిగిన చోట లేని వారసులను పుట్టించే దళారులు కూడా పుడతారు. అందుకని దరఖాస్తును వెలుతురుకు పెట్టి మరీ చదివాను. నన్ను ఆపింది ఆమె రాసినది కాదు, రాయనిది. సర్వే నంబరు గడి ఖాళీ. విస్తీర్ణం గడి ఖాళీ.

ఎన్ని ఎకరాలమ్మా అని అడిగాను. తెలియదంది. లెక్కల టీచరుకు ఎకరాలు తెలియకపోవడం ఏమిటని అడిగితే తల దించుకుంది. తర్వాత ఆమే నన్ను అడిగింది.

"సార్, మా అమ్మ పుట్టిన ఇల్లు ఏ దిక్కుకు ఉండెనో మీ కాగితాలల్ల ఉంటదా?"

మా దగ్గర సాగుభూమి రికార్డు ఉంటుంది గానీ ఇంటి గుమ్మం ఎటు తిరిగి ఉందో ఉండదు. భూమి కోసం వచ్చినవాళ్ళెవరూ ఆ ప్రశ్న అడగరు. అది విని నా అనుమానం తగ్గాలి కదా, పెరిగింది. మామూలు దళారులైతే మామూలు ప్రశ్నలు నేర్పి పంపుతారు. ఈమెను పంపినవాడెవడో నాకంటే తెలివైనవాడని అనుకున్నాను.

విచారణ అధికారిగా నన్నే వేశారు, పాత రికార్డు నా దగ్గరే ఉంది కాబట్టి. ఆమెను కూర్చోబెట్టి వివరంగా అడిగాను. తల్లికి కిడ్నీలు పాడయ్యాయి, డయాలసిస్ నడుస్తోంది. జీవితమంతా పుట్టింటి పేరెత్తనివ్వని మనిషి ఇప్పుడు ఒక్కటే అడుగుతోందట.

"మా అమ్మ నన్ను కావాల్నని ఇడిసిపెట్టిందా, నేనే తప్పిపోయిన్నా, గదొక్కటి తెల్సుకొని రా బిడ్డా అంటాంది సార్."

ఊరి పేరు తెలిసి కూడా ఇన్నేళ్ళు ఎందుకు వెళ్ళలేదని అడిగాను. వదిలేసినవాళ్ళ గడప తొక్కనని పంతం పట్టిందంది. మరి పెంచిన గ్యాంగ్‌మన్ ఎందుకు వెళ్ళి అడగలేదు? స్టేషన్ మాస్టరుకు చెప్పాడట, ఎవరూ రాలేదట, అంతటితో ఊరుకున్నాడట. ఆయనకు పిల్లలు లేరు. ఎందుకు ఊరుకున్నాడో నాకు అనుమానమే. ఆ అనుమానం దరఖాస్తులో లేదు కాబట్టి దాని మీద విచారణ జరపలేదు.

అంతా నిజమైతే విరాసత్ ఎందుకు పెట్టావని నిలదీశాను. దానికి ఆమె దగ్గర పెద్ద కథే ఉంది. ముందు లైబ్రరీకి వెళ్ళి, తప్పిపోయిన పిల్లల ప్రకటన ఏమైనా పడిందేమోనని ఆనాటి పత్రికల సంపుటాలు అడిగిందట. కేసులున్నవాళ్ళు కాగితాలు కోసుకుపోతున్నారని ఏ కేసు నీదని అడిగారట. ఏ కేసూ లేదంటే నమ్మలేదట. చివరికి ఎదురుగా మనిషిని కూర్చోబెట్టి చూడనిచ్చారు, చూస్తే ఆ కాలపు సంపుటాల్లో సగం చెదలు తిన్నవే. ఊరికి వెళ్తే, ఎవరి భూమి కోసమని అడిగి తలుపులు వేసుకున్నారు. మరో రెండు ఆఫీసుల్లో, ఉత్తగా తెలుసుకోవడానికైతే రికార్డు తీసేది లేదన్నారు.

"భూమి అంటేనే కాగితం కదుల్తది, చుట్టరికం అంటే ఎవ్వలు ముట్టరు అని బయట దరఖాస్తులు రాసే రైటర్ చెప్పిండు సార్. గందుకే గట్ల రాపిచ్చిన."

ఇంత నున్నగా ఉన్న సమాధానాలు నాకు నచ్చవు. అయినా నా పద్ధతి ప్రకారం ఆమె తల్లికి గుర్తున్న సంగతులన్నీ విడిగా రాయించి, కవరులో పెట్టి, అతికించి, అతుకు మీద ఇద్దరం సంతకాలు చేశాం. ఎదుటి పక్షం మాట్లాడేదాకా ఆ కవరు విప్పను. మామూలుగా విచారణలో దరఖాస్తుదారు ముందు చెప్పాలి, అభ్యంతరం ఉన్నవాళ్ళు తర్వాత చెప్పాలి. వారసత్వం పేచీల్లో నేను దీన్ని తిరగేసేవాణ్ణి. ముందు మాట్లాడినవాడి కథ విని రెండోవాడు తన కథకు అతుకులు వేసుకోవడం చాలాసార్లు చూశాను.

సాంబయ్యకు నోటీసు ఇచ్చి, ఊళ్ళో చాటింపు వేయించి, గ్రామపంచాయతీ ఆఫీసులో విచారణ పెట్టాం. సాంబయ్య డెబ్బై దాటిన మనిషి. మెడలో తువాలు, చేతిలో పట్టా పాసుపుస్తకం. మేము తెప్పించిన చాయ్ ముట్టలేదు. అందులో మేమేం కలుపుతామనుకున్నాడో నాకు తెలియదు. జరీనా కూర్చున్న వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ముందు నువ్వే చెప్పాలన్నాను.

"ఆమె చెప్పినంక నేను చెప్త సారూ."

కుదరదన్నాను. ఎందుకు కుదరదని గిర్దావరును అడిగాడు, పంచాయతీ కార్యదర్శిని అడిగాడు, కిటికీలోంచి చూస్తున్నవాళ్ళను కూడా అడిగాడు. చివరికి తనకు చెల్లెలే లేదని ఒక్క ముక్కలో తేల్చేశాడు. నేను కలం కింద పెట్టి, ఇప్పుడు లేదని సంతకం చేసి రేపు ఉన్నదని తేలితే నీ మిగతా కాగితాలను కూడా ఎవరూ నమ్మరని చెప్పాను. పాసుపుస్తకాన్ని ఒళ్ళో అటూ ఇటూ తిప్పాడు. తర్వాత ఒక్కసారిగా గొంతు లేచింది.

"ఉండె సారూ. ఉంటే ఏంది? లక్ష్మి దాని పేరు. ఈమె తల్లి ఖాసింబీ అంటాన్రు, ఎట్ల కలుస్తది? మా అమ్మకు పాణం బాగలేక వరంగల్ దవాఖానకు పోయినం. తిరిగొచ్చేటప్పుడు స్టేషన్ల దాన్ని బల్ల మీద కూసోబెట్టి, ఈడనే కూసో బిడ్డా, నీళ్ళు తెస్త అన్నది. నేను అమ్మెంబడి పోయిన. చెంబు నిండ నీళ్ళు పట్టుకొని వచ్చేటాల్లకు పిల్ల లేదు. ఎంత ఎతికినం! శుక్రారం శుక్రారం మా అమ్మ గా స్టేషన్‌కు పోయి, గా బల్ల మీదనే కూసునేది. నడుం వంగినంక నేనే తోల్కపోయిన. సచ్చిపోయేదాక పోయింది. గన్నేండ్లు ఎతికినప్పుడు రానోళ్ళు, ఇప్పుడు రోడ్డు పడ్తాందనంగ వస్తరా? ఇంక హక్కు ఏడుంటది? రాసుకోండ్రి సారూ, గిదంత రాసుకోండ్రి."

రాసుకున్నాను. ఆయన దృష్టిలో అదొక అభ్యంతరం. తాము వెతకాల్సినంత వెతికారు కాబట్టి గడువు దాటిందని వాదన. ఎక్కడో విన్న లాయరు మాట కూడా అందులో కలిసి ఉంటుంది.  జరీనా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి ఫోను తీసి, ఆ స్టేషన్ సంగతి ఇంకొక్కసారి చెబితే రికార్డు చేసుకుని అమ్మకు వినిపిస్తానంది. సాంబయ్య లేచి నిలబడ్డాడు. చెప్పనన్నాడు. అది కోర్టులో వేస్తారని తనకు తెలుసన్నాడు.

"నాకు భూమి వద్దు మామా. దరఖాస్తు వాపస్ తీసుకుంట" అంది జరీనా.

ఆ మాటతో పరిస్థితి బాగుపడుతుందని నేను అనుకోలేదు. అనుకున్నట్టే అయింది.

"చూసిన్రా? వద్దంటాందంటే లోపట ఇంకేదో పెద్దదే ఉన్నది. నేను సంతకం పెట్ట."

నిజానికి నేనూ ఆ క్షణంలో అదే అనుకున్నాను. వద్దన్న మనిషిని నమ్మడం మా శాఖలో ఎవరికీ అలవాటు లేదు. అయినా సంతకం లేనిదే నీ అభ్యంతరం లెక్కలోకి రాదు సాంబయ్యా అన్నాను. భూమి పోతుందేమోనన్న భయంతో కూర్చుని, చదివి వినిపించమని, ఒక్కో మాటా విని సంతకం పెట్టాడు.

అప్పుడు కవరు విప్పాను. అందరికీ వినపడేలా చదివాను. గానుగకు ఎదురుగా ఇల్లు. సాంబన్న అనే అన్న. వరంగల్ స్టేషన్, చెక్క బల్ల. తల్లి అన్న చివరి మాట: ఈడనే కూసో బిడ్డా, నీళ్ళు తెస్త. ఆ తర్వాత అమ్మ చీర లాంటి చీర కట్టుకున్న ఎవరి వెనకో నడిచి రైలెక్కడం.

 ఎవరో చెప్పి పంపారన్నాడు సాంబయ్య. ఎవరు చెప్పగలరని అడిగాను. ఆ మాట అన్నప్పుడు అక్కడున్నది ముగ్గురు. ఒకామె చనిపోయింది, ఒకరు నువ్వు.  పాసుపుస్తకం తువాల్లో చుట్టుకుని, జరీనా వైపు చూడకుండానే వెళ్ళిపోయాడు.  ఆమె మీద నాకున్న అనుమానం ఆ గదిలోనే పోయింది. ఆయనకు మాత్రం ఇంకా మిగిలి ఉందని నడకలోనే తెలిసింది.

దరఖాస్తు ఉపసంహరించుకున్నట్టు రాసి ఫైలు మూశాం. జరీనా ఒక్కటే అడిగింది, సాంబయ్య వాంగ్మూలం నకలు. విచారణలో పక్షానికి నకలు తీసుకునే హక్కు ఉంది, ఇచ్చాను. ఆమె తల్లికి వ్యతిరేకంగా ఇచ్చిన వాంగ్మూలమే అది. కొన్నాళ్ళకు ఫోన్ చేసింది. డయాలసిస్ మంచం పక్కన కూర్చుని మొత్తం చదివి వినిపించిందట. శుక్రవారాల సంగతి వచ్చినప్పుడు ఖాసింబీ ఏమీ అనలేదట. చెంబు దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం ఆపమని, మళ్ళీ చదవమందట.

"అయితే నీళ్ళు తెచ్చిందన్నట్టు" అందట. అంతే.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం సాంబయ్య రికార్డు గదికి వచ్చాడు. ఒక్కడే. ఆ దరఖాస్తులో ఉన్న అడ్రసు కావాలన్నాడు. ఎందుకని అడిగాను.

"వకీలు అడుగుతాండు సారూ. కేసు కోసం."

కేసు లేదు. ఫైలు ఎప్పుడో మూశాం. ఏ వకీలు అని అడిగితే పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు. ఇంకొకరైతే కుదరదని పంపేసేవాణ్ణి. కానీ ఆయన కూడా ఆ విచారణలో పక్షమే, దరఖాస్తు నకలు అడిగే హక్కు ఉంది. అడ్రసు కాగితం మీద రాసి ఇచ్చాను. మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"స్టేషన్ దిగినంక ఆ ఇల్లు ఏ దిక్కున్నదో గుడ రాసిన్రా సారూ?"

రాయలేదు. కాగితం వెనక్కి తీసుకుని, దరఖాస్తు చూసి, రైల్వే గేటు దాటాక కుడి వైపు అని రాసి ఇచ్చాను. వకీలుకు అది అక్కర్లేదని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. 

రికార్డు గదిలో కొత్తగా చేరిన వాళ్ళు సలహా అడిగితే నేను ఈ కేసే చెబుతాను. దరఖాస్తులో కారణం అని ఒక గడి ఉంటుంది. చదవండి, నమ్మకండి. అక్కడ జనం మనం కాగితం కదుపుతామని అనుకున్న కారణమే రాస్తారు. కావలసిందేమిటో వాళ్ళు అడిగే ప్రశ్నలో ఉంటుంది. భూమి కోసం వచ్చినవాళ్ళు సర్వే నంబరు అడుగుతారు, మనుషుల కోసం వచ్చినవాళ్ళు ఇల్లు ఏ దిక్కున ఉందని అడుగుతారు. ప్రేమగా చెప్పిన వాంగ్మూలాలను నేనెప్పుడూ గట్టి సాక్ష్యంగా తీసుకోలేదు. ఆస్తి పోతుందన్న కోపంలో సాంబయ్య చెప్పినదాన్ని మాత్రం ఒక్క అక్షరం వదలకుండా రాసుకున్నాను. నా సర్వీసులో నేను పూర్తిగా నమ్మిన వాంగ్మూలం అదొక్కటే.