మా ఆడపడుచు కట్టిన లెక్కల మూట

మా ఆడపడుచు ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే మూటలు కడుతుందని చెబుతాను. బట్టల మూటలనుకుంటారు. అనుకోనిస్తాను. అసలు సంగతి చెప్పబోతే సగంలో వాళ్లకి ఇంట్లో పొయ్యి మీద పాలు గుర్తుకొస్తాయి.

మీరు కూర్చుని చదువుతున్నారు కనుక చెబుతాను. సైంటిస్టులు ఎప్పటినుంచో రాసి పెట్టుకున్న లెక్కలుంటాయి. వంతెన ఎంత బరువు మోస్తుంది, వేడి ఎంతసేపటికి తగ్గుతుంది, అలాంటివి. అలాంటి లెక్కలన్నీ ఒకచోట చేరిస్తే దాన్ని లైబ్రరీ అంటారట. అందులో పుస్తకం ఒక్కటీ ఉండదు. దాన్ని నడపాలంటే మామూలుగా కంప్యూటరులో బోలెడు సరంజామా ఎక్కించుకోవాలి. మా ఆడపడుచు ఆ సరంజామా అంతా చిన్న మూటగా కట్టి బ్రౌజరులోనే, అంటే మనం వార్తలు చూసుకునే పేజీలోనే, విప్పుకునేలా చేస్తుంది. పేజీ తెరిస్తే చాలు, లెక్క మొదలవుతుంది. తనలాగే ఈ పని చేసేవాళ్లు పది దేశాల్లో ఉన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నది లేదు గానీ, ఒకరి తప్పు ఒకరు ఇట్టే పట్టేస్తారు.

తనకి నలభై మూడేళ్లు. పెళ్లి వద్దంది. ఎందుకని అడిగినవాళ్లకి తలో కారణం చెప్పింది, అందులో ఏ రెండూ కలవవు. జడ ముడేసి అందులో పెన్సిల్ గుచ్చుకుంటుంది, తర్వాత అదే పెన్సిల్ కోసం ఇల్లంతా వెతుకుతుంది. నా కుట్టుమిషను లోపలికి దించేసి, ఆ బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని పనిచేస్తుంది. ఆలోచన సాగుతుంటే కింద పెడల్ తొక్కుతూనే ఉంటుంది. పని నడుస్తోందో ఆగిందో ఆ చప్పుడును బట్టి నేను వంటింట్లోంచే చెప్పగలను. కంప్యూటరుతో ఒకటే మాటలు. "అది కాదు నాయనా, ఇంకోసారి చూడు నాయనా" అంటూ బతిమాలుతుంది, వినకపోతే తిడుతుంది. అందుకే వాళ్లన్నయ్య, అంటే మా ఆయన, తనకి గిలక్కాయ అని పేరు పెట్టారు.

ఆయన పోయి పది నెలలయింది. ఆ తర్వాత మా ఇంట్లో పెడల్ చప్పుడు లేదు. ల్యాప్‌టాప్ మీద దుప్పటి కప్పి ఉండేది. ఇద్దరం ఒకరికొకరం వడ్డించుకునేవాళ్లం, తినేసి ఎవరి గదిలోకి వాళ్లం వెళ్లేవాళ్లం.

ఒక సోమవారం పొద్దున సైన్సు టీచరమ్మ ఒకావిడ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. రెండంతస్తుల మెట్లు ఎక్కి ఆయాసపడుతూ, కుర్చీలో కూర్చోకముందే మొదలుపెట్టింది.

"మా స్కూల్లో ముప్పై కంప్యూటర్లున్నాయండీ. అన్నీ ముసలివే. కొత్తది ఏదీ ఎక్కించడానికి లేదు, ఆ అధికారం పై ఆఫీసు వాళ్లది. బ్రౌజరు మాత్రం తెరుచుకుంటుంది. పిల్లలు అందులో బొమ్మలు చూస్తున్నారని మా హెడ్మాస్టరు గారికి కోపం. శుక్రవారం పదకొండింటికి వచ్చి చూస్తారట. ఆ ముప్పై మీదా పాఠం నడిస్తే సరే. నడవకపోతే ఆ గదిలో విరిగిన బెంచీలు వేయిస్తానన్నారు."

"ఏం పాఠం?" అంది గిలక్కాయ.

"వేడినీళ్లు ఎలా చల్లారతాయో. పిల్లలు నిమిషానికోసారి థర్మామీటరు చూసి రాసుకుంటారు. ఆ చుక్కలకి సరిపోయే గీత గీసే లెక్క మీ లైబ్రరీలో ఉందిగా. బ్రౌజర్లో నడుస్తుందని మీరే ఇంటర్నెట్లో రాశారు, చదివాను."

"నడుస్తుందని రాయలేదండీ. నడవబోతోందని రాశాను. అదీ పది నెలల కిందట."

టీచరమ్మ మొహం వాడిపోయింది. సంచీలోంచి పైకి కనబడుతున్న థర్మామీటరును లోపలికి తోసుకుంది. గిలక్కాయ కుట్టుమిషను మీది దుప్పటి వంక చూసింది, నా వంక చూసింది.

"ఆ థర్మామీటరు ఇక్కడ వదిలి వెళ్లండి. శుక్రవారం మేమే తెస్తాం" అంది.

ఆవిడ మెట్లు దిగేదాకా ఆగి అడిగాను. "ఏ ధైర్యంతో ఒప్పుకున్నావే?"

"బెంచీలంటోంది వదినా! కంప్యూటర్ల గదిలో విరిగిన బెంచీలు! నువ్వైతే ఊరుకుంటావా?"

మంగళవారమంతా పెడల్ ఆడింది. నాలుగు రోజుల వ్యవధిలో పదినెలల పని. బుధవారం మధ్యాహ్నానికి చప్పుడు ఆగిపోయింది. టీ పట్టుకెళ్లాను. తెర మీద ఎర్ర అక్షరాలు. తను గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

"ఏమంటాడు నీ నాయన?"

"ఇచ్చిపుచ్చుకోవడాలు కుదరలేదంటాడు."

"అర్థమయ్యేలా చెప్పు."

"ఈ లెక్కలు నలభై ఏళ్ల నాటివి వదినా. ఒక్కో లెక్కా ఒక పనివాడనుకో. ఒకడు మూడు వస్తువులు తీసుకుని పనిచేసి చేతికి ఏదో ఇస్తాడు. ఇంకొకడు నాలుగు తీసుకుని, పనిచేసి, ఏమీ ఇవ్వకుండా వెళ్లిపోతాడు. వాణ్ని పిలిచేవాడి దగ్గర చీటీ ఉంటుంది, వీడు ఇన్ని తీసుకుంటాడు, ఇస్తాడు, ఇవ్వడు అని. మామూలు కంప్యూటరులో చీటీ తప్పున్నా చాలాసార్లు సర్దుకుపోతారు. బ్రౌజరు అలా కాదు. చీటీలో ఉన్నదీ జరిగేదీ వెంట్రుకవాసి తేడా వచ్చినా పని మొత్తం ఆపేసి కూర్చుంటుంది."

"అయితే అది బ్రౌజరు కాదు, మీ అమ్మ."

టీ మింగబోతుంటే తనకి పొలమారింది. పది నెలల తర్వాత విన్నాను ఆ నవ్వు. తల మీద తట్టాల్సి వచ్చింది.

"తప్పెక్కడుందో మిషనే చెప్పొచ్చుగా?"

"నేరుగా పిలుచుకునేవి చెప్పింది, దిద్దాను. కొందర్ని నేరుగా పిలవరు. ఒకడి చేతికి ఇంకొకడి చిరునామా ఇచ్చి పంపుతారు. వాటి సంగతి ముందే చెప్పదు. కళ్లతో చూసుకోవాల్సిందే. ఆరువందల పైచిలుకు ఉన్నాయి. నా ఒక్కదాని వల్ల అయ్యేలా లేదు."

"నా మొహానికీ రెండు కళ్లున్నాయిగా."

"వదినా, అదంతా ఇంగ్లీషు..."

"ఐదో క్లాసు దాకా చదివాను, అక్షరాలు గుర్తుపడతాను. అర్థం నువ్వు చూసుకో, ఆకారం నేను చూస్తాను. ఇరవై ఏళ్లు లాండ్రీ చీటీ సరిచూశాను, ఒక్క దిండుగలీబు పోనివ్వలేదు."

తను నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత కింద జిరాక్సు షాపుకి పరిగెత్తి అరవై కాగితాలు అచ్చు వేయించుకొచ్చింది. నాకు నేర్పింది రెండే సూత్రాలు. పేరుకి ముందు నాలుగక్షరాల మాట ఉంటే వాడు ఏమీ ఇవ్వడు. మూడక్షరాల మాట ఉంటే ఇస్తాడు. బ్రాకెట్లో ఎన్ని ఉన్నాయో కామాలు లెక్కపెట్టుకోవాలి.

గురువారం పొద్దున్నే కిటికీ దగ్గర చాప వేసుకుని కూర్చున్నాం. తను తెర మీది చీటీ చదువుతుంది, నేను కాగితం మీది పనివాణ్ని చూసి టిక్కు పెడతాను.

"ఐదు తీసుకుంటాడు. ఇవ్వడు."

"ఐదు. ఇవ్వడు. టిక్కు."

"మూడు. ఇస్తాడు."

"మూడు. ఇస్తాడు. మంచివాడు."

"పదకొండు. ఇవ్వడు."

"పదకొండు తిని ఏమీ ఇవ్వడా? వీడు మీ పెదనాన్న."

"వదినా, నవ్వించకు, వరుస తప్పుతోంది."

నాలుగువందలు దాటాక నా పెన్సిలు ఆగింది. తను "ఆరు. ఇస్తాడు" అంది. కాగితం మీద ఆరు ఉన్నాయి. మాట మాత్రం నాలుగక్షరాలది.

"ఇస్తాడని సరిగ్గా చూశావా?"

"సరిగ్గానే చూశాను. మూడక్షరాలే. కిందే సమానం గుర్తు పెట్టి వాడిచ్చేది తీసుకుంటున్నారు కూడా."

"మరి ఇక్కడ వీడు ఏమీ ఇవ్వడు. ఇవ్వనివాడి ముందు చెయ్యి చాచుకుని కూర్చున్నారే!"

తను చాప మీద మోకాళ్లతోనే నా పక్కకి వచ్చింది. కాగితం లాక్కుని చూసింది. ఎగిరి గంతేస్తుందనుకున్నాను. కాగితం పైఅంచు మీద వేలు పెట్టి చూపించింది. కాగితం పైన చిన్న అక్షరాల్లో, ఆ ఫైలు చివరిసారి దిద్దింది ఎవరో, ఎప్పుడో ఉంది. దిద్దింది తనే. తేదీ చూశాను. ఆయన పోయిన నాలుగో రోజు.

"ఒక్కొక్కటీ చూసి దిద్దాల్సినవి వదినా ఇవి" అంది. "ఆ రోజు ఒక్క ఆజ్ఞ రాసి ఫైలు మొత్తం ఒకే దెబ్బకి మార్చేశాను. ఎవరూ ఏమీ తిరిగివ్వరు పొమ్మని. ఇచ్చేవాళ్ల చేతిలోదీ కొట్టేశాను. కూర్చోలేక చేశాను. చేసినట్టు ఇది చూసేదాకా గుర్తే లేదు."

ఆ నాలుగో రోజు నేనేం చేశానో నాకు గుర్తుంది. శుభ్రంగా ఉన్న డబ్బాలన్నీ దించి మళ్లీ తోమాను. ఆ మాట తనకి చెప్పాను. ఇద్దరం కాసేపు ఏడ్చాం, విడివిడిగా కాకుండా.

తర్వాత నేనే అడిగాను. "ఆ ఫైల్లో ఎంతమంది?"

"నలభై ఒక్కరు."

"పద, ఎవరెవరి చేతిలోది కొట్టేశావో చూద్దాం. మిగతా కాగితాలూ ఉన్నాయి."

నలభై ఒక్కరిలో నిజంగా ఇచ్చేవాళ్లు ముగ్గురు తేలారు. ఆ ముగ్గురినీ తను మళ్లీ మొదట ఉన్నట్టు దిద్దింది. మిగిలిన కాగితాలన్నిటిలో ఒక్క తప్పూ లేదు. మూట మళ్లీ కట్టడానికి నలభై నిమిషాలు పడుతుందంది. ల్యాప్‌టాప్ లోపలి ఫ్యాను రోడ్డు రోలరులా మోగుతోంది. ఊరికే కూర్చోవడమెందుకని గిన్నెలో నీళ్లు మరిగించి, టీచరమ్మ థర్మామీటరు ముంచి, నిమిషానికోసారి నేను చెబుతుంటే తను రాసుకుంది.

"మొదట గబగబా దిగుతుంది చూడు, తర్వాత బద్ధకిస్తుంది" అన్నాను.

"నీకెలా తెలుసు?"

"రోజూ మీకు కాఫీ చల్లారబెట్టింది ఎవరనుకున్నావు?"

మూట సిద్ధమైంది. తను పేజీ తెరిచి మా అంకెలు ఎక్కించి మీట నొక్కింది. ఎర్ర అక్షరాలు రాలేదు. మేం రాసుకున్న చుక్కలు వచ్చాయి, వాటిమీదుగా ఒక నీలం గీత పైనుంచి జారి, మెల్లగా వాలి, నిలకడగా సాగింది. నేను చెప్పినట్టే బద్ధకించింది. గిలక్కాయ నన్ను పట్టుకుని గదంతా గిరగిరా తిప్పేసింది. అరవై కాగితాలూ కాళ్ల కింద చెల్లాచెదురు.

శుక్రవారం స్కూలుకి నన్నూ లాక్కెళ్లింది. ముప్పై కంప్యూటర్ల ముందు ముప్పై మంది పిల్లలు, గుమ్మంలో చేతులు కట్టుకుని హెడ్మాస్టరు. పిల్లలందరూ ఒకేసారి పేజీ తెరిచారు. అక్కడే పడింది దెబ్బ. మా ఇంట్లో రెప్పపాటులో విప్పుకున్న మూట, స్కూలు ఇంటర్నెట్టు మీద ముప్పై మంది ఒకేసారి లాగేసరికి నత్తలా కదిలింది. ప్రతి తెర మీదా నూటికి నాలుగు, నూటికి ఐదు. హెడ్మాస్టరు గడియారం చూసుకున్నారు. గిలక్కాయ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు నొక్కుకుపోయింది.

టీచరమ్మ మాత్రం తొణకలేదు. "దాని మానాన దాన్ని రానివ్వండర్రా. మన నీళ్లు చల్లారడానికీ అరగంట పడుతుంది" అని గిన్నెలు పంచింది. పిల్లలు థర్మామీటర్ల మీద పడ్డారు. తొంభై, ఎనభై నాలుగు, డెబ్భై తొమ్మిది. ఆఖరి అంకె రాసేసరికి ముప్పై తెరలూ నిండాయి. ఒకటి తర్వాత ఒకటి నీలం గీతలు వాలాయి.

ఒక్క అమ్మాయి తెర మీద మాత్రం గీత నడుం విరిగినట్టు పడుకుంది. ఒక చుక్క అందరికీ దూరంగా అలిగి నిలబడింది.

"ఇది పాడైంది" అన్నారు హెడ్మాస్టరు, అనుకున్నది దొరికినట్టుగా.

"పాడవలేదు సార్" అంది గిలక్కాయ. "అంకె చూడండి. డెబ్భై తొమ్మిది రాయాల్సింది తొంభై ఏడు రాసింది. చల్లారే నీళ్లు మధ్యలో మళ్లీ కాగవు కదా సార్?"

"ఏదీ, జరుగమ్మా" అని ఆయనే కూర్చున్నారు. అంకె దిద్దారు. గీత లేచి సరిగ్గా నిలబడింది. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని ఇంకో అంకె కావాలని తప్పు రాసి చూశారు, మళ్లీ దిద్దారు. తర్వాత చన్నీళ్లు కలిపితే ఎలా ఉంటుందన్నారు, గిన్నె తెమ్మన్నారు. కుర్చీ పోగొట్టుకున్న అమ్మాయి మొహం మాడ్చుకుని పక్కన నిలబడింది. గంట కొట్టినా లేవలేదాయన.

చివరికి లేచి టీచరమ్మతో, "ఆ బెంచీలు మెట్ల కింద పెట్టించండి. ఈ గదికి ఇంకో రెండు గిన్నెలు కావాలి" అన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చింది గిలక్కాయ. రెండు స్టాపులు దాటాక మెల్లగా కదిపింది.

"వదినా, ఇంకో లైబ్రరీ ఉంది. నక్షత్రాల లెక్కలు. రెండేళ్లుగా ఎవరూ ముట్టుకోవట్లేదు. చీటీలు నాలుగు వేలు."

"ముందు నాకు కళ్లద్దాలు చేయించు."

"గుండ్రటివా, పలకవా?"

"నా మొహానికి ఏవి బాగుంటాయి?"

దాని మీద మొదలైంది వాదన. మా స్టాపు ఎప్పుడు దాటిపోయిందో ఇద్దరం చూసుకోలేదు.