లైబ్రరీ మేడం గట్టిగా చదివిన పుస్తకం

ఆ ప్రాథమిక పాఠశాలలో లైబ్రరీ మేడంకి పిల్లలు పెట్టిన పేరు ‘ష్ మేడం’. పద్దెనిమిదేళ్ళుగా ఆవిడ నోటివెంట అంతకన్నా పెద్ద మాట విన్నవాళ్ళు లేరు. పుస్తకం అడిగితే స్కేలుతో అర చూపిస్తుంది. గడువు దాటితే క్యాలెండర్ చూపిస్తుంది. అల్లరి చేస్తే తలుపు చూపిస్తుంది. లైబ్రరీ అంటే ఇలా ఉండాలని పెద్ద మేడం ఏటా మీటింగులో పొగుడుతుంది. ఒక ఏడు క్రమశిక్షణకు షీల్డు కూడా ఇచ్చారు. ఆవిడకు నత్తి అన్న అనుమానం ఇన్నేళ్ళలో ఒక్కరికీ రాలేదు. రాకుండా చూసుకోవడంలోనే ఆవిడ ఉద్యోగం సగం గడిచిపోయింది.

ఇంట్లో ఆ శ్రమ లేదు. ఆవిడ మాట మొదలుపెడితే భర్త పూర్తి చేస్తాడు. మంచివాడే, కాకపోతే తొందర మనిషి. హాల్లో కర్టెన్లకు ఆవిడ నీలం రంగు అనబోతుంటే, మధ్యలోనే అందుకుని గోధుమ రంగు అని కొట్లో చెప్పేశాడు. ఆయన్ని సరిదిద్దడం కన్నా గోధుమ రంగుతో కాపురం చేయడమే తేలికనుకుని ఆవిడ ఊరుకుంది. పదేళ్ళయింది. కర్టెన్లు ఇంకా గట్టిగానే ఉన్నాయి.

ఈ ఏడు మూడో తరగతిలో రెండు జడల పిల్ల ఒకతి కొత్తగా చేరింది. చురుకైనదే, మాట్లాడితే నత్తి. ఇలాంటి పిల్లల్ని తోటివాళ్ళు వెక్కిరించకుండా ఉండాలంటే తరగతిలో బొమ్మల పుస్తకం చదివి వినిపించాలని పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. కాగితం వెనకే పుస్తకమూ వచ్చింది. నత్తి ఉన్న బాతుపిల్ల ఒకటి, దాని మాట పూర్తయ్యేదాకా ఆగడం నేర్చుకునే కప్పలు, తాబేళ్ళు, ఇదీ కథ. పుస్తకంలో ఏ లోపమూ లేదు. చిక్కంతా చదివిన మనిషితో వచ్చింది.

మూడో తరగతి మాస్టారికి నాటకాల పిచ్చి. బాతుపిల్ల నోరు తెరిచిన చోటల్లా ఆయన కళ్ళు తేలేసి, మెడ సాగదీసి, బల్ల మీద దరువేస్తూ నత్తిని రక్తి కట్టించాడు. పిల్లలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, మళ్ళీ చదవమన్నారు. ఆయన కాదనలేకపోయాడు. మధ్యాహ్నానికల్లా తరగతి తరగతంతా నత్తి బాతులైపోయింది. మాస్టారు రిజిస్టరులో ‘కార్యక్రమం విజయవంతం’ అని రాసి సంతకం పెట్టాడు.

ఆ రోజునుంచి రెండు జడల పిల్ల నోరు మెదపడం మానేసింది. హాజరు పిలిస్తే చెయ్యెత్తుతుంది, దాహమేస్తే సీసా చూపిస్తుంది. మూడు వారాల తర్వాత లైబ్రరీకొచ్చి, బల్ల మీది స్కేలు తీసుకుని, తనకు కావలసిన పుస్తకాన్ని దాంతో చూపించింది. లైబ్రరీ మేడం ఆ స్కేలు వంక చూసింది. ఎనిమిదేళ్ళకే ఈ పిల్ల తన విద్యంతా నేర్చేసుకుంటోంది. ఇలాగే వదిలేస్తే ఇది పెద్దదై ఎవరో ఎంచిన కర్టెన్ల మధ్య బతుకు వెళ్ళదీస్తుంది.

ఆ సాయంత్రమే పెద్ద మేడం గదికి వెళ్ళి, ఆ పుస్తకం మళ్ళీ చదవాలి, నేను చదువుతాను అని కాగితం మీద రాసిచ్చింది. పెద్ద మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుని మరోసారి చదివింది. ఒకసారి చదివేశారు కదా, విజయవంతమైందని రిజిస్టరులో కూడా ఉంది కదా అంది.

లైబ్రరీ మేడం నోరు తెరిచింది.

“అ... అది చ... చ... చదవడం కాదండీ.”

పెద్ద మేడం మొదట షీల్డు గురించి ఆలోచించింది. ఆ తర్వాత శుక్రవారం నాలుగో పీరియడ్ ఇచ్చింది.

శుక్రవారం లైబ్రరీ మేడం మూడో తరగతిలో కుర్చీలో కూర్చుని, పుస్తకం తెరిచింది. మొదటి వాక్యంలో చెరువు దగ్గరే ఆగిపోయింది. వెనక బెంచీల్లో కిసుక్కుమన్నారు. ఆవిడ చెమట తుడుచుకుని చెరువు దాటింది. పన్నెండు పేజీల పుస్తకంలో నాలుగు పేజీలకే ఇరవై నిమిషాలయ్యాయి. విచిత్రమేమిటంటే, బాతుపిల్లకు నత్తి వచ్చిన చోట ఆవిడకు రావట్లేదు. రాని చోటల్లా వస్తోంది. రెండుసార్లు వినడంతో కథంతా కంఠతా వచ్చేసిన ముందు బెంచీ కుర్రాడు ఇది భరించలేకపోయాడు. అక్కడ బాతుకు నత్తి లేదండీ అన్నాడు.

“బా... బాతుకు లేదు,” అంది ఆవిడ. “ఇ... ఇ... ఇది నాది.”

కిసుక్కులు ఆగిపోయాయి. గుమ్మంలో నిలబడి చూస్తున్న మాస్టారు తన బూట్ల వంక చూసుకున్నాడు. పిల్లలు మేడం వంకా, ఒకరి మొహం ఒకరూ చూసుకున్నారు. ఆవిడ అయిదో పేజీ మొదలుపెట్టబోతుండగా, కిటికీ పక్కనుంచి గొంతు వినిపించింది.

“మే... మే... మేడం, బొ...”

రెండు జడల పిల్ల లేచి నిలబడింది. మాట బొ దగ్గర బిగుసుకుపోయింది. ముందు బెంచీ కుర్రాడు పూర్తి చేయబోయి, ఎందుకో నోరు మూసుకున్నాడు. నలభైమంది ఎదురుచూశారు.

“బొ... బొమ్మలు మీవైపే ఉన్నాయండీ. మా... మాకు క... కనిపించట్లేదు.”

నిజమే. భయం కొద్దీ ఆవిడ పుస్తకాన్ని మొహానికి అడ్డం పెట్టుకుని చదువుతోంది. తరగతంతా ఇంతసేపూ వెనక అట్ట చూస్తూ కూర్చుంది. ఆవిడ పొరపాటైందని చెప్పబోయింది. చెప్పడానికి కొంతసేపు పట్టింది. సంతోషం వల్ల ఇంకొంతసేపు పట్టింది. పుస్తకం పిల్లలవైపు తిప్పి, ఎక్కడిదాకా వచ్చామని అడిగింది.

“మొ... మొదటినుంచి చదవండి,” అంది పిల్ల, కూర్చోకుండా.

గంట కొట్టడానికి ఇంకో పదిహేను నిమిషాలుంది. ఆవిడ మొదటి పేజీ తీసింది.