తమ్మునికి తాపిన కరక్కాయ నీళ్లు

కాశిబుగ్గల నూలుకు రంగులేసేటోళ్ల ఇంటి ముందు కరక్కాయలు ఉడికే వాసన వస్తే ఇప్పటికీ నేను జల్ది జల్ది దాటిపోత. మా నాయిన గూడ నూలును ముందు కరక్కాయ నీళ్లల్ల ముంచేటోడు. అట్లయితేనే రంగు దిగకుండ పట్టుకుంటదనేటోడు.

ఒక వానకాలం మా చిన్న తమ్మునికి నెత్తురు విరేచనాలు పట్టుకున్నయి. అమ్మ పొద్దటి నుంచి కరక్కాయను వగరు వగరుగ కాచి వానికి తాపింది. మాపటికి విరేచనాలు కట్టినయి. నూలుకు రంగు పట్టినట్టే వాని పానం గూడ గట్టిగ పట్టుకున్నదనుకున్న. కానీ వాని కడుపు ఉబ్బింది, ఒళ్లు కాలిపోవట్టింది.

నాటుమందులిచ్చే పక్కింటి అవ్వ వచ్చి, అమ్మ చేతిలోని గిన్నె గుంజుకున్నది.

"ఇంత జరముండంగ కట్టిస్తరా బిడ్డా? లోపలి చెడును పోనీయాలె. దవాఖానకు నడువు."

"చెడును పోనిస్తే పోయేది నా పిలగాడు గదా అవ్వా," అన్నది అమ్మ. "ఇంకొక్క గుక్క తాగనియ్యి."

దవాఖానకు చేరేలోపే తమ్ముడు పోయిండు.

ఆ గిన్నె గుంజుకోకుంటే కొడుకు బతికేటోడని అమ్మ చచ్చేదాక అవ్వను తిట్టింది. అమ్మ బతికున్నప్పుడే ఒకసారి నా పిల్లలకు నెత్తురు విరేచనాలై జరమొస్తే, కట్టియ్యొద్దని డాక్టరు గూడ అవ్వ మాటే అన్నడు. ఇంటికొచ్చి నేను అమ్మకు చెప్పలేదు. వానికి తాపింది ఆమె చేతితోనే.