ఊడే పన్ను, ఊడని పన్ను

మొన్న తిరువూరు బస్టాండు దగ్గరి పళ్ళ డాక్టరమ్మ, మా మనవరాలి వయసుంటుంది, విరిగిపోయిన నా కట్టుడు పన్నును పక్కన పెట్టి, మళ్ళీ తీసి పెట్టుకునేదే కావాలా, అటూ ఇటూ పళ్ళు అరగదీసి బిగించే బ్రిడ్జా, ఎముకలోకి స్క్రూ దించి నిలబెట్టేదా అని అడిగింది. ఏరే లేనిచోట బ్రిడ్జి ఎందుకు తల్లీ అన్నాను గానీ, ఆ మాట అంటుండగానే మా బావ గుర్తొచ్చి నా నవ్వు సగంలో ఆగిపోయింది.

బావంటే మా మేనమామ కొడుకు. ఇద్దరం ఆరో తరగతిలోనే బడికి దండం పెట్టి, రెడ్డిగూడెం తోటల్లో మామిడికాయల లోడింగుకు వెళ్ళేవాళ్ళం. వయసులో ఉండగా ఓసారి లారీ మీద తాడు లాగుతుంటే అది తెగి, ఇద్దరం బోర్లాపడి చెరో ముందు పన్నూ పోగొట్టుకున్నాం. మా ఇళ్ళల్లో పొలం కూడా అంత సమానంగా పంచుకోలేదెవరూ. నాకు బ్రిడ్జి మీద మనసు. బావే పడనివ్వలేదు.

"నిక్షేపంలాంటి పళ్ళు రెండు అరగదీయించుకుంటామేంట్రా బావా? ఇద్దరం ఊడేదే పెట్టించుకుందాం. నవ్వితే ఇద్దర్నీ కలిపి నవ్వుతారు" అన్నాడు.

ఆ "ఇద్దరం" అన్న మాటకే పడిపోయాను. నేను ముందు పెట్టించుకున్నాను, వారం తిరక్కుండా తనూ బెజవాడ వెళ్ళి పెట్టించుకొచ్చాడు.

పెళ్ళి భోజనాల్లో నేను గోడవైపు తిరిగి పన్ను తీసి జేబురుమాల్లో చుట్టుకుంటే, తనూ నా పక్కనే తిరిగి, గుప్పెట మూసి జేబులో పెట్టుకుని, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని తినేవాడు. రసాలు జుర్రేటప్పుడు నా పన్ను ఊడి టెంకతోపాటు బయటికొచ్చేది. పాతిపెడితే పళ్ళ చెట్టు మొలుస్తుందని అందరికన్నా ముందు నేనే నవ్వేవాణ్ణి. పక్కన బావ ఉన్నాడన్న ధైర్యం మరి.

పోయినేడు బావకు కడుపులో రాళ్ళకి ఆపరేషను. లోపలికి తీసుకెళ్ళబోతూ నర్సమ్మ, కట్టుడు పళ్ళుంటే తీసి ఇవ్వమంది. తియ్యరా, నేను దాచిపెడతానని చెయ్యి చాపాను. బావ పైకప్పు వంక చూస్తూ, "నాది ఊడదురా" అన్నాడు. నర్సమ్మ టార్చి వేసి చూసి, ఇది బ్రిడ్జి, ఎప్పుడో బిగించింది అని బండి తోసుకుపోయింది. చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయింది.

కోలుకున్నాక అడిగితే, అప్పట్లో పెళ్ళిచూపులని వాళ్ళమ్మ బలవంతపెట్టి బెజవాడలో బ్రిడ్జే వేయించిందట. "నీ ఒక్కడిదే ఊడుతుందని తెలిస్తే నువ్వు నవ్వడం మానేస్తావని చెప్పలేదురా" అన్నాడు. ఊరంతా నన్ను చూసి నవ్వింది, పర్వాలేదు. వీడు ఇన్నేళ్ళూ ఖాళీ గుప్పెట జేబులో పెట్టుకుని నా మీద జాలిపడ్డాడు.

డాక్టరమ్మతో స్క్రూదే ఖాయం చేసుకుని బయటికి రాగానే బావ ఫోను, ఏది పెట్టించుకుంటున్నావని.

"ఊడేదేరా" అన్నాను.

హమ్మయ్య అన్నట్టు నవ్వాడు. నేనూ నవ్వాను. మునుపు ఊడే పన్ను పెట్టుకుని కూడా వాడి ముందు నోరంతా తెరిచి నవ్వేవాణ్ణి. గట్టి పన్ను వచ్చాక, ఈ వయసులో, పెదవులు కలిపి నవ్వడం నేర్చుకోవాలి.